గుహ దాటని శనివారాలు

మా ఇంట్లో గొడవలు రెండు రకాలు. నేను గెలిచినవి, ఇంకా తేలనివి. కొత్త టీవీ మీద ఆట బొమ్మ ఎలా కనపడాలన్న గొడవ పోయినేడు దసరా నుంచి క్రిస్మస్ ముందు దాకా రెండో రకంలోనే ఉండిపోయింది. అది నాకు బొత్తిగా అలవాటు లేని పరిస్థితి.

నేను వీడియో గేము ఆడతానంటే మా బంధువులు నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ళు సీరియళ్ళు చూసి, ఏ అత్త ఏ కోడలి పాలల్లో ఏం కలిపిందో వరసగా ఒప్పజెబితే తప్పు లేదుగానీ, నేను తాడు పట్టుకుని కొండెక్కితే వింత. నా ఉద్యోగం అద్దె ఇళ్ళ సంస్థలో ఫిర్యాదులకు జవాబులు రాయడం. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని రోజంతా మర్యాదగా రాసి, లండన్ శివార్లలో మా క్రోయిడన్ ట్రామ్‌లో నిలబడి ఇంటికొచ్చేసరికి నాలో చింతించే ఓపిక మిగలదు. అందుకని ఇంట్లో దేనికీ చింతించను.

ఆట మొదలుపెట్టింది మా అమ్మాయి కోసం. దానికి లీడ్స్‌లో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేస్తే మూడు మాటలు: తిన్నాను, బానే ఉన్నాను, బిజీ. అవి కూడా ఇంగ్లీషులో. నాలుగో మాట కోసం నేనేం అడిగినా, “అమ్మా, ఈజ్ దిస్ ఎన్ ఇంటర్వ్యూ?” అనేది. వెళ్ళేటప్పుడు ఆటలాడే తన కన్సోల్ ఇక్కడే వదిలేసింది, అక్కడ ఫ్లాట్‌మేట్‌ది ఉందిట. ఒక శనివారం డ్యూటీల రోటాలో సెలవొచ్చినప్పుడు అదే అంది, ఇద్దరం కలిసి ఒక ఆట ఆడదామా అని. చెవులకు హెడ్‌ఫోన్లు, దానికో మైకు. అది లీడ్స్‌లో, నేను క్రోయిడన్‌లో, ఇద్దరం ఒకే కొండ మీద.

ఆట ఇది. ఇద్దరు మనుషులు నడుముకు ఒకే తాడు కట్టుకుని మంచుకొండ ఎక్కి, పైన ఎక్కడో మూతబడిన పాత గని వెతకాలి. ఒకళ్ళు జారితే ఇద్దరూ పడతారు. పెళ్ళి గురించి తయారుచేసిన ఆటేమో అని మొదట అనుకున్నాను.

ఫోన్లో మూడు మాటలు మాట్లాడే పిల్ల తాడు కట్టుకున్నాక రెండు గంటలు మాట్లాడేది. చేతులకు పనుంటే దాని నోరు తెరుచుకుంటుందని ఇన్నేళ్ళు పెంచి నేను కనిపెట్టలేదు. వార్డులో తుంటి ఆపరేషన్ అయిన తాత నడవనని మొండికేసిన సంగతి, ఫ్లాట్‌మేట్ సింకులో గిన్నెలు వదిలేసే సంగతి, అన్నీ కొండ ఎక్కుతూ ఎక్కుతూ చెప్పేది. మధ్యలో నన్ను తిట్టేది.

“అమ్మా, లెఫ్ట్! లెఫ్ట్! యువర్ అదర్ లెఫ్ట్!”

“ఎడమ అని ఏడవచ్చుగా, నాకు తెలుగులో బాగా తెలుసు!”

“యూ జస్ట్ కిల్డ్ అస్ బోత్!”

“నువ్వు తాడు లాగావు కాబట్టి చచ్చాం. నేను నిలబడ్డచోట నిలబడే ఉన్నాను.”

అది అరిచేది, నేను అరిచేదాన్ని. ఆ రెండు గంటలయ్యాక నాకు గుడికి వెళ్ళొచ్చినట్టుండేది.

దసరా ముందు మా పాత టీవీ కన్ను మూసింది. మా ఆయన గోడంత టీవీ ఒకటి తెప్పించారు. ఆయనది అనంతపురం. అక్కడి ఆయుధ పూజ ఆయన వెంట సూట్‌కేసులో వచ్చి క్రోయిడన్‌లో దిగింది. కారుకు బొట్టు, లాప్‌టాప్‌కు బొట్టు, మిక్సీకి, ఇల్లూడ్చే హూవర్‌కు, ఆఖరికి నీళ్ళు కాచే బాయిలర్‌కు కూడా గంధం, కుంకుమ. బాయిలర్ సర్వీసుకొచ్చిన మనిషి ఒకసారి అది చూసి, ఏదో లీకవుతోందని కంగారుపడి పని ఆపేశాడు.

టీవీ పెట్టె పూజకు ముందురోజే వచ్చింది. స్టాండు మీద నిలబెట్టారు. నేను రిమోట్ అందుకోబోతే చెయ్యి పట్టుకున్నారు.

“పూజ కానీమే. ముందే ఏంటికి ఆన్ చేస్తావు?”

మర్నాడు గంధం గిన్నె, కుంకుమ భరిణె తెచ్చి, టీవీ కింది అంచున ఎడమ మూలకు వేలుతో ఓ చుక్క పెట్టబోయారు. నేను చూస్తూ ఊరుకోగలనా?

“ఎవరైనా కణతకు పెడతారటండీ బొట్టు? నడి మధ్యన పెట్టండి. అదిగో, బొట్టు కోసమే చేసినట్టు అక్కడ చిన్న ఉబ్బు కూడా ఉంది.”

“అట్లనే. నీ మాట కాదన్నదెప్పుడు?” అని ఆ ఉబ్బు మీద పెట్టారు. నీళ్ళనీళ్ళగా పెట్టారు. అలా అరకొరగా పెట్టడం నాకు నచ్చదు కాబట్టి, గంధం గట్టిగా కలిపి, దాని మీద ఇంకో పొర వేసి, రూపాయి బిళ్ళంత కుంకుమ నేనే దిద్దాను. ముచ్చటగా వచ్చింది. మళ్ళీ దసరా దాకా దాన్ని తుడవగూడదని మా ఆయన శాసనం. ఆ తర్వాతే టీవీ ఆన్ చేశాం.

బొమ్మ కాస్త మబ్బుగా అనిపించింది నాకు. ఆటలోని మంచుకొండ కూడా బూడిదరంగులో ఉంది. ఈ దేశంలో అక్టోబరు అలాగే ఉంటుంది కదా, ఆట తయారుచేసినవాళ్ళు నిజాయితీపరులు అనుకున్నాను. రిమోట్ కూడా మొండికేసేది. సోఫాలోంచి నొక్కితే వినేది కాదు, లేచి దగ్గరికెళ్ళి పక్కనుంచి నొక్కాలి. దానికి కారణం రిమోట్‌కు ఆయన తొడిగిన ప్లాస్టిక్ కవరని నేను, బ్యాటరీలని ఆయన. ఆ గొడవ వేరు.

అసలు కష్టం గుహ దగ్గర మొదలైంది. కొండ సగం ఎక్కాక ఒక గుహలోంచి పోవాలి. అమ్మాయి చేతిలో దీపం ఉంటుంది, నేను వెనక. అంచుల మీద కాలు చూసుకుంటూ దూకాలి. నాకు అంచు లేదు, గోడ లేదు, కాలు లేదు. కాటుక డబ్బాలో తలపెట్టి చూసినట్టుంది. దూకాను, పడ్డాం. దూకాను, పడ్డాం.

“అమ్మా, ఇట్స్ రైట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ యూ!”

“నా ముందు చీకటుంది. అది తప్ప ఏం లేదు.”

మా ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చూస్తారు. అంటే ఇతరులు చేసినదానిలో తప్పులు వెతకడం. అలాంటి పనికి బయట జీతమిస్తారని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. ఆయన రంగంలోకి దిగారు. ఆట ఆపి సెట్టింగుల పేజీ తెరిస్తే అదో చాంతాడు.

మొదటిది, క్వాలిటీ మోడా, పెర్ఫార్మెన్స్ మోడా. క్వాలిటీ అంటే ప్రతి బొమ్మనూ తీర్చిదిద్ది సెకనుకు ముప్ఫై చూపిస్తుంది. పెర్ఫార్మెన్స్ అంటే మెరుగులు తగ్గించి అరవై చూపిస్తుంది, నొక్కగానే మనిషి కదులుతాడు. ఆయన క్వాలిటీ పక్షం.

“ఇంత పెద్ద టీవీ తెచ్చి తక్కువ క్వాలిటీ పెట్టుకుంటారామే ఎవరన్నా? చూడు, ఆ రాయి మీద నాచు కూడా కనపడ్తాంది.”

“నాచు చూస్తూ జారి పడుతున్నానండీ. నేను నొక్కిన కాసేపటికి గానీ వాడు దూకడం లేదు. పట్టుచీర కట్టుకుని, నగలన్నీ పెట్టుకుని తాళి కట్టాక పెళ్ళికొచ్చే చుట్టంలాగుంది మీ క్వాలిటీ. నాకు నూలుచీరలో వచ్చినా వేళకొచ్చి వడ్డించే మనిషి కావాలి.”

పెర్ఫార్మెన్స్ పెట్టించాను. దూకడం వేళకు జరిగింది. పడటం కూడా వేళకే జరిగింది.

తర్వాత మోషన్ బ్లర్. తల తిప్పితే ప్రపంచమంతా అలుక్కుపోతుంది. నాకు తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులో కూర్చున్నట్టు కడుపులో తిప్పింది. తీసేశాం. తర్వాత ఫిల్మ్ గ్రెయిన్. బొమ్మ మీద సన్నటి ఇసుక చల్లినట్టు చేస్తుంది, పాత సినిమాలా ఉండటానికట. శుభ్రంగా కనపడాలని టీవీ కొనుక్కున్నవాళ్ళ మొహాన ఇసుక కొట్టే ఆలోచన ఎవడికి వచ్చిందో, వాడి ఫిర్యాదు నా బల్ల మీదికి రాకపోతుందా అని చూస్తున్నాను. అదీ తీసేశాం. నేను ఊపులో కెమెరా వణుకు, నీడలు, ఇంకో రెండు కూడా మార్చబోతే మా ఆయన కంట్రోలర్ లాక్కున్నారు.

“ఒక్కటి మార్చి చూడల్ల. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో ఎట్ల తెలుస్తాది?”

“పని చేస్తే చాలు, ఏదైతే నాకేం?”

“అది పద్ధతి గాదు.”

“మీ పద్ధతిలో పోతే నేను రిటైరయ్యాక గుహ దాటతాను.”

ఇక బ్రైట్‌నెస్ పేజీ. తెర మీద మూడు గుర్తులు వస్తాయి. ఎడమది కనపడకూడదు, మధ్యది లీలగా కనపడాలి, కుడిది బాగా కనపడాలి. అలా వచ్చేదాకా ఒక గీత జరపాలి.

“మధ్యది కనపడ్తాందా?”

“లేదు.”

“ఇప్పుడు?”

“లేదు.”

“ఇప్పుడు?”

“కుడిదే కనపడట్లా, మధ్యది ఎక్కడినుంచొస్తుంది?”

గీత కుడి చివరకు పోయి గోడకు కొట్టుకుంది. ఇక జరపడానికి చోటు లేదు. గుహ మాత్రం కాటుకలోంచి బొగ్గుకు వచ్చింది, అంతే.

స్టాన్‌మోర్‌లో మాకు తెలిసిన అంకుల్ ఒకాయన ఉన్నారు. ఎవరింట్లో కొత్త టీవీ వచ్చినా ఆయనకు ఫోన్ చెయ్యాలి, లేకపోతే నొచ్చుకుంటారు. ఆయన స్పీకర్లో, “హెచ్‌డీఆర్ ఆపెయ్యండమ్మా, అదే అన్నిటికీ మూలం” అన్నారు. వెలుగునూ చీకటినీ విడదీసి చూపించే సెట్టింగట అది. ఆపాం. వారం తర్వాత, “ఆపారా? అయ్యో, ఆన్ చెయ్యాలి కదమ్మా!” అన్నారు. చేశాం. రెండుసార్లూ ఆయన గొంతులో ఒకటే నమ్మకం. అలాంటి నమ్మకంతో మా ఆఫీసులో ఒక్క మేనేజరున్నా మాకు ఫిర్యాదులే రావు.

అప్పుడు మా ఆయన అనకూడని మాట అన్నారు.

“ఒకవేళ నీ కండ్లేమో.”

“మీకు కనపడుతోందా గుహలో?”

“నాకూ కనపడదులే. నాకు అద్దాలుండాయి గదా.”

ఆ వాదనలో తల ఎక్కడో తోక ఎక్కడో నాకర్థం కాలేదుగానీ, మాట మాత్రం ముల్లులా దిగింది. ఎవరికీ చెప్పకుండా లంచ్‌టైములో కళ్ళ పరీక్షకు వెళ్ళాను. ఆ అమ్మాయి అక్షరాలు చదివించి, కళ్ళలోకి గాలి ఊది, మీ వయసుకు చాలా బాగున్నాయి అంది. ‘మీ వయసుకు’ అన్న ముక్క తీసేసి మిగతాది ఇంట్లో చెప్పాను.

కళ్ళు కాదు, ఆట కాదు, మరేమిటి? దీన్నంతా నేను సరదాగానే తీసుకునేదాన్ని, మా అమ్మాయి తిట్టడం మానెయ్యకపోతే.

ఎప్పుడు మానేసిందో సరిగ్గా చెప్పలేను. ఒక శనివారం నేను వరసగా పడుతుంటే, “ఇట్స్ ఓకే అమ్మా. టేక్ యువర్ టైమ్. యూ ఆర్ డూయింగ్ రియల్లీ వెల్” అంది. మెత్తగా, సాగదీసి, ఒక్కో మాటా అరచేతిలో పెట్టినట్టు. ఆ గొంతు నాకు తెలుసు. తుంటి ఆపరేషన్ అయిన తాతను వాకర్ పట్టుకుని నడిపించేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అంతకుముందు తనే నాకు చేసి చూపించింది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం కూడా.

“నన్నెందుకలా బుజ్జగిస్తున్నావు?” అన్నాను.

“ఐయామ్ నాట్! ఐయామ్ బీయింగ్ నైస్.”

“నైస్‌గా ఉండమని నేనడిగానా?”

జవాబుగా చిన్న నవ్వు. అదీ ఆసుపత్రి నవ్వే. కబుర్లు కూడా తగ్గాయి. పడిపోయే తల్లిని కాచుకోవడంలో మునిగిపోయి, ఫ్లాట్‌మేట్ సింకు సంగతి ఏమైందో చెప్పడమే మర్చిపోయింది. ఇంకో రెండు వారాలకు, వీలైనంత మెత్తగా, అసలు సంగతి బయటపెట్టింది.

“అమ్మా, ఈ శనివారం లాస్ట్ ట్రై చేద్దాం, ఓకే? అవ్వకపోతే నో వర్రీస్. నా ఫ్లాట్‌మేట్ ఫినిష్ చేస్తుంది. యూ కెన్ వాచ్.”

చూడొచ్చట. సింకులో గిన్నెలు వదిలేసే పిల్ల నా తాడు కట్టుకుని నా కూతురితో కొండెక్కుతుంటే నేను సోఫాలో కూర్చుని చూడొచ్చట. చప్పట్లు కూడా కొట్టమంటుందేమో అడగలేకపోయాను. అడగలేకపోవడం నా చరిత్రలో లేదు కాబట్టి మా ఆయన కూడా కంగారుపడి, అడగకుండానే టీ పెట్టారు.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ముందుగదిలో లైట్లన్నీ వేశాను. పెర్ఫార్మెన్స్ మోడ్, బ్లర్ లేదు, ఇసుక లేదు, గీత కుడి చివర. ఇక మార్చడానికేం మిగల్లేదు. మా ఆయన పక్కన కూర్చున్నారు, పరీక్ష హాలు బయట నిలబడ్డ తండ్రిలా.

గుహలోకి దిగాం. దాని దీపం ముందు మిణుకుమంటోంది.

“రెడీ, అమ్మా? నో రష్.”

దూకాను. పడ్డాం.

“దట్స్ ఫైన్! సో క్లోజ్!”

దగ్గరా లేదు, దాపూ లేదు. ఆమడ దూరంలో పడ్డాను. మళ్ళీ పడ్డాం. “వెల్ డన్ ఫర్ ట్రైయింగ్” అంది. ఆ మాటతో నాకు తిక్క రేగింది. లేచి, కంట్రోలర్‌తో సహా పోయి, టీవీ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. ముక్కు తెరకు ఆనించాను.

“వెనక్కి రామే, ఉన్న కండ్లు పోతాయి!”

“పోతే పోనీండి! ఈ అంచెక్కడుందో ఇవాళ నేనే వేలు పెట్టి వెతుకుతాను!”

వెతికాను. తెర మీద కింద నుంచి పైకి వేళ్ళతో తడుముతూ పోతుంటే నా స్వెటర్ చెయ్యి కింది అంచుకు రాసుకుంది. ఏదో టక్కుమని ఊడి స్టాండు మీద పడింది. చూస్తే బొట్టు. గంధం ఎండి పెచ్చులా లేచి, మొత్తం బిళ్ళకు బిళ్ళ ఊడొచ్చింది.

“అయ్యో, రాల్చితివా!” అన్నారు మా ఆయన వెనకనుంచి.

నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఎందుకంటే గుహలో తెల్లవారుతోంది.

మెల్లగా, ఎవరో కర్టెన్లు తీస్తున్నట్టు, గోడలొచ్చాయి. గోడల మీద నీలంగా మెరిసే నాచొచ్చింది. పైన తలకిందులుగా గబ్బిలాలున్నాయి, పక్కన పాత చెక్క నిచ్చెన ఉంది. నా ముందు, సరిగ్గా నా కాళ్ళ ముందు, అంచుంది. ఈస్ట్ క్రోయిడన్ ప్లాట్‌ఫారమంత అంచు. దాని పక్కనుంచి ఇన్ని వారాలుగా నేను గోతిలోకి దూకుతున్నాను.

“చూసినావా!” అని మా ఆయన లేచి నిలబడ్డారు. “నా సెట్టింగులు ఇప్పటికి ఎక్కినాయి!”

“మీ సెట్టింగులు కాదు, మీ బొట్టు.”

నాకు అనుమానమొచ్చి, బొట్టుండే ఉబ్బు మీద వేలు పెట్టాను. గుహ చీకటైంది. వేలు తీశాను. తెల్లవారింది. ఆ ఉబ్బు లోపల టీవీకి ఒక కన్నుంది. గదిలో వెలుతురెంతుందో చూసి, దాన్నిబట్టి బొమ్మ వెలుగు పెంచి తగ్గించే కన్ను. రిమోట్ మాట వినే చెవి కూడా అక్కడే ఉన్నట్టుంది. దాని మీద మేం గంధం పామాం. పాపం అది ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో దీపాలు లేవనుకుని మా కళ్ళకు నొప్పి కలగకుండా బొమ్మ తగ్గించి చూపిస్తోంది. ఆన్ చేసే ముందే పూజ చేశాం కాబట్టి, అది కళ్ళు తెరిచి మమ్మల్ని చూసింది లేదు, మేం దాని వెలుగు చూసిందీ లేదు.

మా ఆయన మోకాళ్ళ మీద నా పక్కకొచ్చారు. వేలు పెట్టారు, తీశారు. మళ్ళీ పెట్టారు. ఆయన మొహంలో టెస్టింగ్ వాళ్ళకు మాత్రమే కలిగే ఆనందం.

“రిపీట్ అయితాంది, చూడు! ప్రతిసారీ అయితాంది!”

“ఒక్కటి మార్చి చూడాలన్నారుగా. ఆ ఒక్కటీ ఇదే.”

“అది సెట్టింగా? అది దేవుడిది!” అన్నారు మా ఆయన.

“ఎడమ మూలకు పెడతానంటే నువ్వేగదా నడిమధ్యన పెట్టమనింది?” అని వెంటనే మళ్ళీ ఆయనే అందుకున్నారు. నేను ఇప్పటికీ ఒప్పుకోను. పెట్టాలన్న ఆలోచన ఎవరిదో తప్పు వాళ్ళది. చోటు చెప్పినవాళ్ళు సలహాదారులు మాత్రమే.

హెడ్‌ఫోన్లలో అమ్మాయి గొంతు. “హలో? వాట్ ఈజ్ హ్యాపెనింగ్? ఆర్ యూ టూ ఫైటింగ్?”

చెప్పాను. మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత, “యూ పుట్ బొట్టు... ఆన్ ద సెన్సార్?” అని, ఇక నవ్వు. లీడ్స్‌లో కుర్చీలోంచి జారినంత నవ్వు. వెనకాల ఫ్లాట్‌మేట్ ఏమైందని అడగడం, బొట్టంటే ఏమిటో మా అమ్మాయి నవ్వుతూనే వివరించడం, అది తెగకపోవడం, అన్నీ వినపడ్డాయి.

“నవ్వింది చాలు, దీపం పట్టుకో,” అన్నాను.

సోఫాలో వెనక్కి కూర్చుని దూకాను. అంచు మీద పడ్డాను. ఇంకోటి దూకాను. నిచ్చెన ఎక్కాను. వేళ్ళు వాటంతటవే పోతున్నాయి. గబ్బిలాలు లేచి మీదికొస్తే తల వంచాను. మా అమ్మాయి ఇంకా నవ్వు ఆపుకోలేక ఊపిరి పీల్చుకుంటూ వెనకబడింది. ఆఖరి అంచు మీద నేను నిలబడి ఉన్నాను, అవతల గుహ ద్వారం, ఆ వెనక తెల్లగా మంచు. తను దూకాలి.

దూకింది. జారింది. తాడు బిగుసుకుని నన్ను కూడా లాక్కుని, ఇద్దరం గుహ మొదట్లోకి వెళ్ళి పడ్డాం.

నేను మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను. తర్వాత, వీలైనంత మెత్తగా, సాగదీసి, “ఇట్స్ ఓకే నాన్నా. టేక్ యువర్ టైమ్. యూ ఆర్ డూయింగ్ రియల్లీ వెల్” అన్నాను.

“ఓ మై గాడ్, అమ్మా! షటప్! నువ్వే ముందుకెళ్ళి తాడు లాగేశావ్! వై డిడ్న్ట్ యూ వెయిట్?”

తెలుగులో కూడా తిట్టింది. నేను హెడ్‌ఫోన్లు చెవులకు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాను.

“నేనెందుకు ఆగుతాను? నువ్వు నత్తలా వస్తుంటే!”

“ఐ వాజ్ లాఫింగ్!”

“ఎవరు నవ్వమన్నారు? ఇంతకీ ఆ పిల్ల గిన్నెలు కడిగిందా లేదా?”

“డోంట్ ఈవెన్ స్టార్ట్, అమ్మా, నీకు చెప్పనే లేదు కదా...” అని మొదలుపెట్టింది. ఇద్దరం మళ్ళీ దిగాం.

మా ఆయన ఈలోగా స్టాండు మీది కుంకుమ బిళ్ళను జాగ్రత్తగా తీసి కళ్ళకద్దుకుని, టీవీ వెనక వైపుకు పోయారు. అక్కడ ఏ కన్నూ లేదని రెండుసార్లు వేలు పెట్టి చూసుకుని, దాన్ని అక్కడ అంటించి, వచ్చి నా చెవి మీది హెడ్‌ఫోన్ ఒకటి పైకెత్తి రహస్యంగా అన్నారు.

“ఇప్పుడు వెలుగు ఎక్కువైపోయింది మే. గీత మళ్ళీ మొదట్నుంచి జరపల్ల. ఇంక క్వాలిటీ మోడ్ పెట్టి చూడచ్చేమో.”

“ముందు మీరు పక్కకు జరగండి,” అన్నాను, “అంచు కనపడట్లేదు.”